పొదుపులో పుట్టిన పొదుగుపని

1773లో థామస్ చిప్పెండేల్ అనే లండన్ ఫర్నిచర్ వ్యాపారి, లీడ్స్ నగరం దగ్గరున్న హేర్‌వుడ్ హౌస్‌కు ఒక కమోడ్ పంపి 86 పౌండ్ల బిల్లు రాశాడు. కమోడ్ అనగానే ఇప్పుడు బాత్రూమే గుర్తొస్తుంది గానీ, అప్పట్లో ఆ మాటకు అర్థం వేరు. సొరుగులు, అరలు ఉండి, గోడకు ఆనించి గది అందం కోసం పెట్టే నడుమెత్తు బల్లను కమోడ్ అనేవాళ్లు. పనిమనిషికి ఏడాదికి పది పౌండ్ల జీతం కూడా దక్కని రోజుల్లో ఒక్క బల్లకు 86 పౌండ్లు. దాని తలుపుల మీద డయానా, మినర్వా అనే రోమన్ దేవతల బొమ్మలుంటాయి కాబట్టి ఆ పేరుతోనే దాన్ని పిలుస్తున్నారు. ఆ బొమ్మలు, వాటి చుట్టూ ఉన్న తీగలు, దండలు రంగు పూసి గీసినవి కావు. రకరకాల కర్రముక్కల్ని, కొంత ఏనుగు దంతాన్ని పక్కపక్కన అతికించి తీర్చినవి.

ఇలాంటి సామాను చూస్తే దుబారాకు ఇంతకంటే రుజువు అక్కర్లేదనిపిస్తుంది. తయారీ తెలిస్తే మాత్రం లెక్క తిరగబడుతుంది. పొదుగుపని అనే ఈ కళ అంతా పొదుపు చుట్టూ అల్లుకున్నది. ఖరీదైన కర్రను దళసరిగా వాడితే చేతికందే పలకలు కొద్ది. దాన్నే రెండు మూడు మిల్లీమీటర్ల పొరలుగా కోస్తే ఒక్క దుంగతో ఎన్నో బీరువాలను కప్పవచ్చు. లోపలి చట్రం దేవదారు జాతి చవక కర్రదో, మామూలు ఓక్ కర్రదో అయి ఉంటుంది. పైన పటారం, లోన లొటారం అని వెక్కిరించడానికి లేదు. వంకరలు, కణుపులు లేని సాదా కర్ర తక్కువ కదులుతుంది. చిత్రమైన చారలున్న అందమైన కర్ర ఎక్కువ మెలితిరుగుతుంది, పగులుతుంది. నిలకడ ఒక కర్రది, అందం ఇంకో కర్రది. ఈ రోజు వార్డ్‌రోబ్ చేసే వడ్రంగి ప్లైవుడ్ మీద వెనీర్ అంటించేటప్పుడు నమ్మేదీ ఇదే సూత్రం.

పొదిగే పద్ధతులు రెండు. గట్టి పలకలో ఉలితో గుంట తీసి, ఆ గుంటకు సరిపోయే ముక్కను కూర్చోబెట్టడం పాత పద్ధతి. 16వ శతాబ్దం చివర్లో లండన్‌లో థేమ్స్ నదికి దక్షిణాన ఉన్న సదర్క్‌లో, జర్మనీ, ఫ్లాండర్స్ ప్రాంతాల నుంచి వలస వచ్చిన పనివాళ్లు కోటలు, బురుజుల బొమ్మలతో పెట్టెలు చేసింది ఈ తీరునే. వాటిని నాన్‌సచ్ పెట్టెలంటారు. ఎనిమిదో హెన్రీ కట్టించిన నాన్‌సచ్ రాజభవనం పోలిక చూసి తర్వాతివాళ్లు ఆ పేరు తగిలించారు గానీ, ఆ భవనంతో వాటికి సంబంధం ఉన్నట్టు లేదు.

రెండోది మార్కెట్రీ. ఇందులో గుంటలు తీయడం ఉండదు. పొరలను ముక్కలుగా కోసి, బొమ్మ మొత్తాన్ని ముందే కాగితం మీద పేర్చి, ఆ షీటును ఒకేసారి చట్రం మీద అంటిస్తారు. ఇంగ్లండ్‌లో ఇది పట్టు సాధించింది 1660 తర్వాత. ఫ్రాన్స్‌లో, హాలండ్‌లో ప్రవాసం గడిపిన రెండో చార్లెస్ అక్కడి అభిరుచుల్ని వెంటబెట్టుకుని సింహాసనం ఎక్కాడు. ఆరేళ్లకే లండన్ సగం తగలబడింది. కొత్త ఇళ్లకు కొత్త సామాను కావాల్సివచ్చింది. 1685లో ఫ్రాన్స్ ప్రొటెస్టెంట్లకు మత స్వేచ్ఛ రద్దు చేయడంతో అక్కడి నేర్పరులు ఎందరో సముద్రం దాటారు. 1689లో డచ్చి యువరాజు విలియం ఇంగ్లండ్ రాజయ్యాడు. ముప్పయ్యేళ్లలో ఇన్ని మలుపులు వస్తే వడ్రంగం పాతదారినే పోవడం కుదిరే పని కాదు. గెరిట్ జెన్సన్ అనే పనివాడు రెండో చార్లెస్ కాలం నుంచి యాన్ రాణి కాలం దాకా రాజాస్థానానికి సామాను సరఫరా చేస్తూ వచ్చాడు. ఇంగ్లిష్ ఫర్నిచర్ చరిత్ర మొదటి అధ్యాయంలో పేరే ఇంగ్లిష్ కాదు.

అప్పటి ముఖ్యమైన కర్ర వాల్‌నట్. సన్న కొమ్మల్ని అడ్డంగా బిళ్లలుగా కోసి పక్కపక్కన పేరిస్తే లోపలి వలయాలు ఆల్చిప్పల్లా కనిపించేవి. మామూలుగా పొయ్యిలోకి పోవాల్సిన కొమ్మలవి. పూల మార్కెట్రీ కూడా అప్పుడే విరబూసింది. నల్లటి నేల మీద తులిప్‌లు, కార్నేషన్లు, పిట్టలు. మల్లెపూలకు తెల్ల ఎముక, వాటి ఆకులకు ఆకుపచ్చ రంగు ఎక్కించిన ఎముక. నిలువెత్తు గడియారాల పెట్టెలు ఈ పనికి భలే కుదిరాయి. పొడుగ్గా, ఇరుగ్గా ఉండే ఆ తలుపు మీద పూలకుండీలోంచి తీగ పైకి పాకుతున్నట్టు బొమ్మ నింపడం సులువు.

కోత తీరు కాస్త నెమ్మదిగా చూడాలి, అసలు తెలివంతా అక్కడే ఉంది. నాలుగు వేర్వేరు రంగుల కర్రపొరల్ని ఒకదాని మీద ఒకటి దొంతిగా పెడతారు. రంపం జారడానికి మధ్యమధ్య కొవ్వు రాసిన కాగితం ఉంచుతారు. పై పొర మీద బొమ్మ గీసిన కాగితం అంటిస్తారు. వెంట్రుకలాంటి సన్న రంపంతో ఆ గీత వెంబడి దొంతి మొత్తాన్ని కోస్తారు. తర్వాతి కాలంలో ఈ పనికి ఒక ప్రత్యేకమైన బల్ల వచ్చింది. దాని మీద గుర్రం ఎక్కినట్టు అటో కాలు ఇటో కాలు వేసి కూర్చుని, కాలితో తొక్కితే ముందున్న దవడలు దొంతిని పట్టుకుంటాయి. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు గాడిద.

కోత పూర్తయ్యాక ఒక రంగు పొరలోంచి వచ్చిన పువ్వు ఇంకో రంగు పొరలోని ఖాళీలో సరిగ్గా కూర్చుంటుంది. పసుపు నేల మీద నల్లపువ్వు, నల్లనేల మీద పసుపు పువ్వు. నాలుగు పొరలు పెడితే ఒక్క కోతకు నాలుగు బొమ్మలు. పారేసే ముక్క లేదు. రెండు తలుపుల మీద బొమ్మలు అచ్చు గుద్దినట్టు ఉంటే పనివాడు రెండోసారి కష్టపడ్డాడని అనుకోనక్కర్లేదు, చాలాసార్లు అవి ఒకే కోత కవలలు. 1690ల తర్వాత వచ్చిన సముద్రపు నాచు మార్కెట్రీలో ఈ పద్ధతి శిఖరానికి చేరింది. రెండే రెండు రంగుల కర్ర, ముంగురుల్లా చుట్టుకుపోయే తీగలు. ఎక్కడ నేల, ఎక్కడ తీగ అని కన్ను తేల్చుకోలేదు. అంత సన్నని మలుపుల్లో రంపం వణికితే నాలుగు పొరలూ ఒకేసారి పోతాయి.

ముక్కలు కోశాక పువ్వుకు గుండ్రదనం రావాలంటే నీడ కావాలి. రంగు పూయరు. ఇనప పెనంలో ఇసుక కాల్చి, ముక్క అంచును అందులో కొన్ని క్షణాలు గుచ్చుతారు. ఎక్కువ లోతున ఎక్కువ వేడి కాబట్టి అంచు గోధుమ రంగుకు మాడి, పైకి వచ్చేకొద్దీ తేలికవుతుంది. బండి మీద ఇసుకలో వేరుశనగలు వేయించేవాడికి ఉండే ఒడుపే ఇది, క్షణం ఆలస్యమైతే బొగ్గు. ఆ తర్వాత ఆకుల ఈనెలు, ముఖం గీతలు సన్న ఉలితో చెక్కి నల్లటి పదార్థం నింపుతారు. చివరికి పశువుల తోళ్లు, ఎముకలు ఉడికించి తీసిన వేడి జిగురుతో చట్రం మీద అంటిస్తారు. ఆ జిగురుకు ఒక గొప్ప గుణం ఉంది. వేడి, తడి తగిలిస్తే మళ్లీ వదులుతుంది. రెండు వందల ఏళ్ల తర్వాత రిపేరు చేసేవాడు పొరను చెడగొట్టకుండా లేపగలగడం దానివల్లే. అయితే ఇలా అంటించిన పనికి ఒక బలహీనత కూడా ఉంది. సెంట్రల్ హీటింగ్ పెట్టిన ఇళ్లలో గాలి ఎండిపోయి లోపలి చట్రం కుంచించుకుంటుంది. పైపొర చోటుచాలక ఉబ్బి లేచిపోతుంది.

ఇంత నైపుణ్యం పండిన పని 1720ల తర్వాత దాదాపు మాయమైంది. అభిరుచి మారింది అని పుస్తకాలు ఒక్క ముక్కలో తేల్చేస్తాయి. అభిరుచిని మార్చినవాటిలో చలి ఒకటి, పన్ను ఇంకొకటి. 1709 చలికాలం యూరప్‌లో వాల్‌నట్ చెట్లను విపరీతంగా చంపింది. 1720లో ఫ్రాన్స్ వాల్‌నట్ ఎగుమతిని ఆపేసింది. ఆ మరుసటి ఏడాదే బ్రిటిష్ పార్లమెంటు తన అమెరికా వలసల నుంచి వచ్చే కలప మీద సుంకం ఎత్తేసింది. ఉద్దేశం నౌకాదళానికి కలప చవకగా రావడం, వడ్రంగుల్ని బాగుచేయడం కాదు. ఆ తలుపులోంచి జమైకా మహాగని లోపలికి వచ్చింది. పెద్ద పెద్ద పలకలు, పురుగు పట్టని గట్టిదనం, ఉలికి వెన్నలా లొంగే పోగు. బానిసల చేత కొట్టించిన కర్ర కాబట్టి దాని ధరలో కూలి లేదు. గట్టి కర్ర చవకగా దొరుకుతుంటే పొరలు అంటించే అవసరం ఏముంది? నలభై ఏళ్లు ఇంగ్లండ్ ఫర్నిచర్‌లో చెక్కడమే రాజ్యమేలింది. చిప్పెండేల్ పేరును దేశమంతా మోసిన 1754 నాటి నమూనాల పుస్తకంలో సుమారు 160 చిత్రాలుంటే, అందులో ఊపంతా చెక్కడానిదే. పుస్తకంతో వచ్చిన పేరు ఒక రకం పనికి, అతని చేతినుంచి వచ్చిన గొప్ప వస్తువులు ఇంకో రకం పనివి.

పొదుగుపని 1760ల్లో తిరిగి వచ్చింది, మళ్లీ బయటివాళ్ల చేతుల్లోనే. పియర్ లాంగ్‌లోయి అనే ఫ్రెంచివాడు లండన్ టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్‌లో దుకాణం పెట్టాడు. పారిస్‌లో అనుభవం సంపాదించిన స్వీడన్ పనివాళ్లు క్రిస్టఫర్ ఫూర్‌లోగ్, గియోర్గ్ హాప్ట్ లండన్ చేరారు. హాప్ట్ 1769లో స్టాక్‌హోమ్ తిరిగి వెళ్లి అక్కడి రాజుగారి వడ్రంగి అయ్యాడు, ఫూర్‌లోగ్ ఉండిపోయాడు. ఇటలీ శిథిలాలను చూసొచ్చిన వాస్తుశిల్పి రాబర్ట్ ఆడమ్ గోడలకు, పైకప్పులకు, కుర్చీలకు ఒకే రోమన్ అలంకారం ఉండాలని పట్టుబట్టాడు. అతని గీతలు సన్నవి, చదునైనవి. మహాగనిలో ఎత్తుగా చెక్కితే అవి పొసగవు. కర్రలో బొమ్మ వేయడమే దారి.

ఈసారి నేల రంగు మారింది. వాల్‌నట్ గోధుమ రంగు పోయి, పట్టులా మెరిసే పసుపు శాటిన్‌వుడ్ వచ్చింది. మొదట్లో అది కరీబియన్ దీవుల నుంచి, శతాబ్దం చివరికొచ్చేసరికి సింహళం, దక్షిణ భారతం నుంచి కూడా వెళ్లింది. ఈ రెండో రకం మనకు కొత్తది కాదు. తెలుగు నేల అడవుల్లో పెరిగే బిల్లుడు చెట్టు కర్రే అది. దానితోపాటు గులాబీ చారల ట్యులిప్‌వుడ్, ఊదారంగు పర్పుల్‌హార్ట్, తెల్లటి హాలీ. దొరకని రంగుల్ని ఉడకబెట్టి ఎక్కించారు: పసుపుకు ఒక ముళ్లపొద బెరడు, నీలానికి నీలిమందు. సైకమోర్ కర్రను ఇనుప లవణం కలిపిన నీళ్లలో నానబెడితే వెండిలాంటి బూడిదరంగు వచ్చేది. దాన్ని హేర్‌వుడ్ అన్నారు. చిప్పెండేల్ కమోడ్ ఉన్న భవనం పేరూ అదే కావడం కాకతాళీయం, ఒకదానికొకటి చుట్టరికం లేదు.

ఇక్కడ పాత సామాను అభిమానులకు అంతగా నచ్చని మాట ఒకటి చెప్పాలి. తేనెరంగులో మెత్తగా మెరుస్తూ హుందాగా కనిపించే ఆ పాతదనం పనివాడు ఉద్దేశించింది కాదు. 250 ఏళ్ల వెలుతురు తినగా మిగిలింది. ఆకుపచ్చలు గోధుమ అయ్యాయి, గులాబీలు పాలిపోయాయి, బూడిద వెండి మట్టిరంగుకు దిగింది. సొరుగు లోపలి అంచుల్లో, తాళం బిళ్ల తీస్తే దాని కింద మాత్రమే అసలు రంగు దాక్కుని ఉంటుంది. చిప్పెండేల్ పలకల్ని పాత పద్ధతిలో రంగులు ఎక్కించి తిరిగి చేసి చూపినప్పుడు చాలామంది కళ్లు చెదిరాయి. కోనసీమ తిరునాళ్ల దుకాణంలా రంగులు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ఇంగ్లిష్ పెద్దింటి అభిరుచి అంటే అణకువ అనే నమ్మకం సగం ఈ వెలిసిపోయిన కర్ర మీదే నిలబడి ఉంది. ఆ యజమానులు కావాలనుకున్నది రంగుల హంగు. హేర్‌వుడ్ ప్రభువు ఎడ్విన్ లాసెల్స్ కుటుంబానికి డబ్బు వచ్చింది బార్బడోస్ చక్కెర తోటల నుంచి, బానిసల వ్యాపారం నుంచి. ఆ డబ్బు నలుగురి కళ్లలో పడాలనే కొనుక్కున్నారు.

శతాబ్దం ముగిసేసరికి పొదుపు గుణం మళ్లీ పైకి తేలింది. 1788లో హెపుల్‌వైట్ పేరుతో, 1791 నుంచి షెరటన్ పేరుతో వచ్చిన నమూనాల పుస్తకాలు మధ్యతరగతి ఇంటికి సరిపడే సామాను చూపించాయి. వాటి ప్రకారం చేసిన బల్లల మీద బొమ్మలు తగ్గి, అంచు వెంబడి దారంలా సాగే తెల్లని గీతలు, మధ్యలో ఒక ఆల్చిప్ప బొమ్మ, మూలల్లో విసనకర్ర బొమ్మలు మిగిలాయి. ఈ చిప్పల్ని, విసనకర్రల్ని ప్రతి వడ్రంగీ కోసుకునేవాడు కాదు. అవే చేసే ప్రత్యేక దుకాణాల్లో రెడీమేడ్‌గా కొని అతికించేవాడు. ఒకే చిప్ప పదిమంది వడ్రంగుల బల్లల మీద కనిపించడానికి కారణం అదే. ఆ తర్వాత శాటిన్‌వుడ్ మీద కుంచెతో పూలు వేస్తే ఇంకా చవక అని తేలింది. అక్కడితో మార్కెట్రీ రెండో విడత చల్లారింది.

లండన్‌లో పొర చవకదనం చుట్టూ ఇదంతా నడుస్తుండగా, విశాఖపట్నంలో లెక్క తలకిందులుగా ఉంది. ఈస్టిండియా కంపెనీ 1680ల్లో అక్కడ స్థావరం పెట్టింది. మరి కొన్ని దశాబ్దాలకు కంపెనీ అధికారులు ఇంగ్లండ్ నుంచి తెచ్చుకున్న కుర్చీలు, రాతబల్లల్ని నమూనాలుగా ఇచ్చి స్థానికుల చేత చేయించుకోవడం మొదలైంది. ఆకారం అచ్చం ఇంగ్లిష్‌ది. పని కంసాలులది. లండన్‌లో మార్కెట్రీ మరుగునపడ్డ 1730లు, 40లు, 50లే విశాఖ పొదుగుపనికి మంచి రోజులు. మంచి కర్ర అందుబాటులో ఉండి, కూలి తక్కువైన చోట పొరలతో పనిలేదు. గట్టి జిట్రేగి (రోజ్‌వుడ్) పలకలోనే గుంటలు తీసి దంతాన్ని కూర్చోబెట్టారు. దంతం మీద గీతలు చెక్కి నల్లని లక్క నింపారు. తేమగాలి వీచే సముద్రతీరంలో జిగురును నమ్ముకున్న పొర కంటే గుంటలో బిగిసిన ముక్కే ఎక్కువకాలం నిలుస్తుంది.

అంచుల్లో పాకే పూలతీగలు తీరాంధ్ర అద్దకం బట్టల మీద కనిపించే తీగలే. 1756లో అక్కడికి వచ్చిన జాన్ కార్నీల్ అనే సైనికాధికారి విశాఖ బట్టల్ని, దంతపు పొదుగుపనిని కలిపి మెచ్చుకున్నాడు. ఆ శతాబ్దం రెండో సగంలో పద్ధతి మారి, చందనం లాంటి కర్ర పెట్టెల్ని పలుచని దంతపు పలకలతో పూర్తిగా కప్పడం వచ్చింది. వాటి మీద ఇంగ్లండ్ నుంచి వచ్చిన అచ్చుబొమ్మలు చూసి గీసిన మేడలు, చెట్లు కనిపిస్తాయి. ఎప్పుడూ చూడని ఊళ్లను అంత నిబ్బరంగా గీసిన ఆ చేతులు ఎవరివో చాలావరకు నమోదు కాలేదు. చిప్పెండేల్ పేరు మాత్రం ఒక శైలికే పేరైంది. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఈ విశాఖ సామాను ఉంది, కింద రాసేది ఊరి పేరే.

విక్టోరియా రాణి కాలంలో 18వ శతాబ్దం మీద మోజు మళ్లీ పుట్టింది. రైట్ అండ్ మాన్స్‌ఫీల్డ్ కంపెనీ 1867 పారిస్ ప్రదర్శనకు శాటిన్‌వుడ్ బీరువా పంపింది. ఎడ్వర్డ్స్ అండ్ రాబర్ట్స్ లాంటి దుకాణాలు పాత తీరులో కొత్త సామాను నిజాయితీగానే అమ్మాయి. చిక్కు వేరేచోట వచ్చింది. సాదాగా ఉన్న నిజమైన పాత బల్లకు కొత్తగా చిప్పలు పొదిగి ధర పెంచడం ఒక వ్యాపారమైంది. బల్ల పాతది, కాళ్లు పాతవి, సొరుగులు పాతవి, పొదుగు మాత్రం వందేళ్లు చిన్నది.

అలాంటివి పట్టుకోవడానికి పెద్ద యంత్రాలు అవసరం లేదు, పక్కనుంచి పడే వెలుతురు చాలు. చేత్తో కోసిన పొర దళసరిగా, కొంచెం హెచ్చుతగ్గులుగా ఉంటుంది. 19వ శతాబ్దపు యంత్రం కోసింది పలుచగా, అంతటా ఒకేలా ఉంటుంది. రెండు వందల ఏళ్లలో కర్ర కదిలి ఉండాలి కాబట్టి పొదిగిన ముక్క అంచు వేలికి తగలాలి. అద్దంలా నున్నగా ఉంటే ఆలోచించాలి. నేల మీది పాత పగులు, సిరా మరక, గీత చిప్ప దగ్గరికి వచ్చి ఆగిపోయి, అవతల మళ్లీ మొదలైతే ఇక ఆలోచించడానికి కూడా ఏమీ లేదు.

బజారులో ఇప్పుడు రెండు లోకాలున్నాయి. చిప్పెండేల్‌దని చెప్పే హారింగ్టన్ కమోడ్ 2010 డిసెంబరులో లండన్ వేలంలో సుమారు 38 లక్షల పౌండ్లకు పోయింది. మరోవైపు, మామూలు ఇళ్లలో ఉండే గీతల పొదుగు బల్లల ధర గత పాతికేళ్లలో బాగా పడిపోయింది. చిన్న ఫ్లాట్లు, గోడలో కలిసిపోయే అల్మారాలు వచ్చాక వాటికి చోటు లేదు. కొత్త ప్లైవుడ్ బల్ల ధరకు ఇంచుమించు అదే సైజు షెరటన్ తీరు బల్ల వేలంలో దొరకడం ఇంగ్లండ్‌లో ఇప్పుడు వింతేమీ కాదు.

దంతం ఉన్న వస్తువుకు ఇంకో మెలిక ఉంది. 2022 జూన్‌లో అమల్లోకి వచ్చిన బ్రిటన్ దంతపు చట్టం అమ్మకాలను దాదాపుగా నిషేధించింది. 1947కు ముందు చేసి, మొత్తం పరిమాణంలో దంతం పది శాతం లోపు ఉన్న వస్తువుకు మినహాయింపు ఉంది. నల్లటి నేలలో చిన్న ముఖం, నాలుగు మల్లెపూలు పొదిగిన లండన్ కమోడ్ ఈ లెక్కలో అవలీలగా దాటిపోతుంది. గట్టి జిట్రేగి పలకల్లో దంతం పొదిగిన విశాఖ రాతబల్లకూ చాలాసార్లు ఇబ్బంది ఉండదు. ఒళ్లంతా దంతంతో కప్పిన చిన్న విశాఖ పెట్టె దగ్గరే చిక్కు. లోపలి చందనమే పలుచన కాబట్టి, పైన కప్పిన దంతం పలుచనే అయినా పది శాతం దాటిపోతుంది. అప్పుడు అది 1918కి ముందుదని, కళాపరంగా అసాధారణమైనదని నిపుణుల చేత ఒప్పించి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. అదీ దొరక్కపోతే పెట్టెను ఇంట్లో ఉంచుకోవచ్చు, వారసులకు ఇవ్వవచ్చు, మ్యూజియానికి దానం చేయవచ్చు, గుర్తింపు పొందిన మ్యూజియానికి తప్ప ఇంకెవరికీ అమ్మడానికి మాత్రం లేదు.